లూదింగ్ ఆడిన అలంకారాల ఆట

ఆ ఆటని మా గదిలోకి రానిచ్చింది నేనే. ఎవరినైనా తిట్టాలంటే ముందు నన్ను తిట్టాలి, ఆ తర్వాతే టీచరమ్మని.

మనీలా శివార్లలోని ఈ ఆడవాళ్ళ జైల్లో నేను తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. నా కేసు ఇంకా తేలలేదు. ముప్పై మంది కోసం కట్టిన గదిలో తొంభై ఒక్కమందిమి సర్దుకుంటున్నాం, ఆ సర్దుబాటంతా నా నెత్తిన పెట్టారు. ఎవరు ఏ మూల పడుకోవాలి, స్నానానికి ఎవరి వంతు, ఎవరి సబ్బు ఎవరు కాజేశారు, అన్నీ నా దగ్గరికే వస్తాయి. పేరు కొన్సోర్సియా. అందరూ ఆతే కొన్సో అంటారు, ఆతే అంటే అక్క. నాకు నోరెక్కువ అని కూడా అంటారు, నేను వినడం లేదనుకున్నప్పుడు.

లూదింగ్ నా పక్క చాప మీద ఆరేళ్ళు పడుకుంది. బయట ఉండగా బట్టలుతికి బతికేది. వాడలో ఇంటింటికీ వెళ్ళి బట్టలు తెచ్చుకుని, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి తిరిగి ఇచ్చేది. ఒకరోజు పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని సందులోంచి వస్తుంటే పోలీసులు ఆపారు. గంపలో ఎవరిదో ప్యాంటు, ఆ ప్యాంటు జేబులో చిన్న చిన్న మత్తుమందు పొట్లాలు. ప్యాంటు గలవాడు అది నాది కాదన్నాడు. జేబులు తడమకుండా బట్టలు తీసుకోవడం ఇరవయ్యేళ్ళలో ఆ ఒక్కసారే జరిగిందని లూదింగ్ ఎన్నిసార్లు చెప్పిందో! మొగుడు పిల్ల పుట్టిన ఏడాదికే పోయాడు. ఆ పిల్ల రోవెలిన్, తల్లి జైలుకొచ్చేనాటికి తొమ్మిదేళ్ళది. ఆడబిడ్డ ఇసియాంగ్ దాన్ని తన ఇంటికి తీసుకెళ్ళింది.

చిన్న నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గించి తొందరగా పంపించేస్తారని సర్కారు వకీలు రెండుసార్లు వచ్చి చెప్పాడు. లూదింగ్ రెండుసార్లూ తల అడ్డంగా ఊపింది. "చెయ్యని పని చేశానని నా నోటితో నేను అననండీ. రేపు నా కూతురు అడిగితే ఏం చెప్పను?" అంది. ఆ మాట విని నేను పొంగిపోయాను. "శభాష్! ఈ తొంభైమందిలో వెన్నెముక ఉన్నది నీకొక్కదానికే. ఒప్పుకోకు" అని వీపు తట్టాను. వకీలు ఫైలు మూసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఒక జడ్జి బదిలీ అయ్యాడు, సాక్షి నాలుగు వాయిదాలకి రాలేదు, ఒకసారి వరదొచ్చింది. అలా ఆరేళ్ళు అయిపోయాయి.

ఇక ఆట సంగతి. జైల్లో బడికి వెళ్ళిన రోజుల్ని, రేపు శిక్ష పడితే అందులోంచి తీసేస్తారు. అందుకే ముసలీ ముతకా అందరం పలకా బలపం పట్టాం. వారానికి రెండు రోజులు టీచర్ ఫ్లోర్దెలీసా వచ్చేది. సన్నగా, గట్టిగా తుమ్మితే పడిపోయేలా ఉంటుంది గానీ పట్టిన పట్టు విడవదు. పరీక్షలో అలంకారాలు అడుగుతారని ఉపమ, రూపకం, అతిశయోక్తి అంటూ బోర్డు నిండా రాసింది. సగం మందిమి కునికిపాట్లు పడ్డాం.

మరుసటి వారం ఒక సంచీ నిండా బట్టల క్లిప్పులు తెచ్చింది. మనిషికి మూడు చొప్పున పంచి మెడ దగ్గర తగిలించుకోమంది.

"రాసుకుంటే మీకు బుర్రకెక్కదు. పొద్దస్తమానం మాట్లాడుతూనే ఉంటారుగా, ఆ మాటల్లోనే పట్టుకోండి" అంది. "ఎదుటి మనిషి మాటలో అలంకారం దొర్లిందా, దాని పేరు చెప్పి చెయ్యి చాపండి. పేరు సరిపోతే క్లిప్పు మీది. అంతటితో వదలొద్దు. దొరికిపోయిన మనిషి అదే సంగతిని ఏ సింగారమూ లేకుండా అసలు మాటలో చెప్పాలి. చెప్పలేకపోతే ఇంకో క్లిప్పు ఇచ్చుకోవాలి."

"గదిలో ఆడుకోవచ్చా ఆతే?" అని అందరూ నా మొహం చూశారు. కొట్టుకోకపోతే ఆడుకు చావండి అన్నాను.

మర్నాడు పొద్దున స్నానాల వరుసలో మా గదిలోని బెర్నదీతా విసుక్కుంది. "ఇక్కడ నిలబడి నిలబడి నాకు గడ్డం మొలిచింది!"

"అతిశయోక్తి!" వెనకనుంచి లూదింగ్ చెయ్యి చాపింది. "అసలు మాట చెప్పు."

"పావుగంట అయింది లేవే."

"అదీ! ఇటు తే."

మధ్యాహ్నం భోజనంలో తూటికూరా, ఎండుచేపా. అన్నం పలుకు పలుకుగా ఉంది. నేను ఊరుకోలేక, "ఈ మెతుకుల్ని చూసి రాళ్ళు సిగ్గుపడుతున్నాయి" అన్నాను.

"రాళ్ళకి సిగ్గేంటి ఆతే? ప్రాణం లేనిదానికి ప్రాణం పోశావు. క్లిప్పు ఇయ్యి" అంది లూదింగ్. "అసలు మాట?"

"అన్నం ఉడకలేదు!"

"అలా చెప్పొచ్చుగా."

"అబ్బబ్బ, ఎంత చదువుకున్న తల్లివే నువ్వు!"

"ఎత్తిపొడుపు. అదీ అలంకారమేనని టీచర్ చెప్పింది. రెండోది కూడా ఇయ్యి."

గదంతా విరగబడి నవ్వింది. మూడో రోజుకి నా మెడ దగ్గర ఒక్క క్లిప్పూ లేదు. తిన్నగా మాట్లాడ్డం నాకు చేతకాదని యాభై ఎనిమిదేళ్ళకి తెలిసింది. లూదింగ్ మెడ చుట్టూ మాత్రం రెండు వరుసలు. నడుస్తుంటే టకటకలాడేవి. వచ్చిన కొత్తలో గోడవైపు తిరిగి కూర్చునే మనిషి ఇప్పుడు చాపల మధ్య తిరుగుతూ అందరి నోళ్ళ దగ్గరా చెవి పెట్టేది. ఆమెకి పళ్ళు ఇంత తెల్లగా ఉంటాయని అప్పుడే చూశాను. నాకు సంతోషమేసింది, అబద్ధమెందుకు?

ఆ తర్వాతి వారం టీచర్ మెత్తమాట గురించి చెప్పింది. చెడ్డ సంగతిని నొప్పి తెలియకుండా చెప్పేది మెత్తమాట. చచ్చిపోయాడు అనలేక కాలం చేశాడు అంటాం చూడండి, అలాంటిదని చెప్పింది.

బెర్నదీతా వెంటనే లేచింది. "కాగితాల్లో మమ్మల్ని ఖైదీలు అనరు కదా మేడం, స్వేచ్ఛ కోల్పోయిన వ్యక్తులు అంటారు. అది మెత్తమాటేనా?"

"అవును."

"మరి క్లిప్పు ఎవర్నడిగి తీసుకోవాలి?"

గుమ్మం దగ్గర కాపలా ఉన్న గార్డు మేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు మెత్తమాటలు ఏరుకోవడం మాకు మహా సరదాగా ఉంది.

ఒక సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆదివారం చూడ్డానికి వచ్చే ఇంటివాళ్ళకీ మాకూ మధ్య ఎవరూ రాసిపెట్టని ఒప్పందం ఒకటుంది. బయటివాళ్ళు చెడు కబురు లోపలికి తేరు. లోపలివాళ్ళం వాళ్ళ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోం. ఇల్లెలా ఉందంటే బాగుందంటారు, నువ్వెలా ఉన్నావంటే ఒళ్ళు చేశాను చూడు అంటాం. ఉన్నది గంట సేపు. తెచ్చిన కూర తిని, వంటలో ఉప్పు గురించి మాట్లాడుకుని, నవ్వుకుంటూ లేచిపోతాం. ఇది మోసమని ఎవరికీ అనిపించదు. ఎదుటివాళ్ళ బరువు మోసేందుకు ఇక్కడ ఎవరి వీపూ ఖాళీగా లేదు.

లూదింగ్ ఇంకో మెత్తమాట కూడా పోషించింది. అమ్మ కువైట్‌లో పని చేస్తోందని రోవెలిన్‌కి చెప్పి పెట్టారు. మా ఊళ్ళలో సగం మంది పిల్లల తల్లులు అక్కడే ఉంటారు గనక పిల్ల నమ్మింది. అక్కడ ఎండ మండిపోతుంది గానీ యజమానురాలు మంచిది అని లూదింగ్ ఉత్తరాలు రాసి ఇసియాంగ్ చేత పంపేది. తర్వాత పిల్లకి ఎలాగో తెలిసిపోయింది. "కాస్త అలిగింది, అదే సర్దుకుంటుంది" అని ఇసియాంగ్ చెప్పింది. తెలిశాక కూడా పిల్ల ఒక్కసారీ జైలుకి రాలేదు. పరీక్షలనీ, జ్వరమనీ, వానలనీ ప్రతి ఆదివారం ఏదో ఒకటి చెప్పేవాళ్ళు.

ఆ ఆదివారం ఇసియాంగ్ వేయించిన అరటిపళ్ళు తెచ్చింది. నేను పక్క బల్ల దగ్గర వంతులు చూస్తూ నిలబడ్డాను. లూదింగ్ క్లిప్పులు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చి కూర్చుంది.

"ఏంటే ఆ వేషం?" అంది ఇసియాంగ్.

"చెప్తాలే వదినా. ముందు నా కూతురి సంగతి చెప్పు. ఈసారీ రాలేదేం?"

ఇసియాంగ్ పొట్లం విప్పుతూ, తల ఎత్తకుండా అంది. "పెద్దదైపోయిందిగా. రెక్కలొచ్చాయి దానికి."

"రూపకం!"

లూదింగ్ అరిచి, నవ్వుతూ చెయ్యి చాపింది. ముందు వెనకలు చూసుకోలేదు. రెండు వారాల అలవాటు, చెయ్యి దానంతటదే వచ్చేసింది. చుట్టుపక్కల బల్లల దగ్గర మావాళ్ళు గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. దాచను.

"ఏంటే ఇది?" అంది ఇసియాంగ్ బిత్తరపోయి.

"ఆట వదినా! నువ్వు దొరికిపోయావు. నీకు క్లిప్పు లేదు గనక వదిలేస్తున్నా. అసలు మాట చెప్పు మరి. రెక్కలు కాదు, రెక్కల కింద ఏముందో అది చెప్పాలి. చెప్పు, చెప్పు."

ఇసియాంగ్ మొహం చూశాను. నవ్వడం ఆపేశాను. లూదింగ్ మాత్రం ఇంకా చెయ్యి చాపే ఉంది. "చెప్పవేం?"

"వెళ్ళిపోయింది లూదింగ్" అంది ఇసియాంగ్.

"ఎక్కడికి?"

"దక్షిణానికి. ఎవరో ఆవిడ వచ్చి రొయ్యలు ఒలిచే షెడ్డులో పని ఇప్పిస్తానంది. పదిహేనేళ్ళ పిల్లని పద్దెనిమిది అని రాయించింది. నేను సంతకి వెళ్ళొచ్చేసరికి బట్టల సంచీ లేదు. రెండు నెలలైంది. ఏ షెడ్డో నాకు తెలీదు. ఫోనెత్తదు." అని బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. బయటివాళ్ళు ఏడవడం అక్కడ నేనెప్పుడూ చూడలేదు.

లూదింగ్ ఏడవలేదు. చాపిన చేతిని బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. "పోయినేడాది చదువుకి కాస్త విశ్రాంతి ఇచ్చింది అన్నావు. అసలు మాట?"

"బడి మానేసింది."

"అలిగింది, సర్దుకుంటుంది అన్నావు."

"అమ్మ పేరు ఎత్తొద్దంది. నీ ఉత్తరాలన్నీ చింపేసింది. 'ఇన్నేళ్ళూ నాతో అబద్ధాలాడారు' అంది. చాలు లూదింగ్, నన్ను చంపకు."

గంట కొట్టారు. అరటిపళ్ళు అలాగే ఉండిపోయాయి.

గదికి రాగానే నేను అందరి మెడల దగ్గరి క్లిప్పులూ లాగి బకెట్లో పారేశాను. బుధవారం టీచర్ వస్తే ఆ బకెట్ ఆవిడ కాళ్ళ దగ్గర బోర్లించాను. "మీ చదువు మాకొద్దు తల్లీ! మా ఇంటివాళ్ళు మాకోసం కప్పిపెట్టి తెచ్చుకునే మాటల్ని విప్పడం నేర్పారు మీరు. విప్పి ఏం చేసుకోమంటారు? ఈ గోడలు దాటి వెళ్ళి ఏం సరిచేసుకోమంటారు?" అని నోటికొచ్చింది అన్నాను.

"పరీక్షలో వస్తుందని..." అంది ఆవిడ. కింద కూర్చుని క్లిప్పులు ఏరుకుంది. పాపం అనిపించింది గానీ నేను వంగలేదు.

ఆట ఆపేశాం గానీ చెవులు ఊరుకోవుగా. తర్వాతి ఆదివారం బెర్నదీతా మొగుడు, పని ఒత్తిడి వల్ల ఇక నెలకోసారే రాగలనన్నాడు. ఆమె సరేనంది. గదికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అసలు మాట ఏమిటో అడగలేదు, తెలిసిపోయింది. కొందరు చూడ్డానికొచ్చినవాళ్ళని తొందరగా పంపించేయడం మొదలుపెట్టారు. అంతకుముందు మాకున్నది ఒక్కటే జైలు. దాని లోపల ఇంకోటి కట్టుకున్నాం.

లూదింగ్ తిండి మానలేదు, పని మానలేదు. బట్టలు ఉతకడం ఆమె వంతు కాని రోజు కూడా ఉతికేది. కూతురి సంగతి తెలిసిన నాలుగో రోజు నా దగ్గరకొచ్చి చెప్పింది.

"వకీలుని పిలిపించు ఆతే. ఒప్పుకుంటాను."

"ఏం ఒప్పుకుంటావే? నువ్వు చేశావా?"

"చెయ్యలేదు. అయినా ఒప్పుకుంటాను. ఆయన చెప్పిన నేరానికి నాలుగేళ్ళే. నేను ఇప్పటికే ఆరేళ్ళున్నాను. వెంటనే వదిలేస్తారు."

లెక్క నాకు అప్పుడు తట్టింది. వకీలు మొదటిసారి వచ్చినప్పుడే ఒప్పుకుని ఉంటే, పిల్లకి పదమూడు నిండేసరికి తల్లి ఇంట్లో ఉండేది. శభాష్ అని వీపు తట్టింది నేనే. "ఒప్పుకోకని నేనే కదే చెప్పాను" అన్నాను.

"నువ్వు చెప్పకపోయినా ఒప్పుకునేదాన్ని కాదులే ఆతే. అప్పుడు నాకు నా నిజమే ముద్దు." అని చీపురు అందుకుంది.

మా జైల్లో విచారణలు ఇప్పుడు చాలావరకు వీడియో తెర మీదే. చిన్న గది, ఒక కుర్చీ, ఎదురుగా తెరలో జడ్జి గారు. మా తొంభైమందికీ పెద్దని గనక నేను వెనక బల్ల మీద కూర్చోవచ్చు. ఆ రోజు ఫ్యాను తిరగలేదు. లూదింగ్ మెడ వెనక చెమట కాలరులోకి దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

జడ్జి గారు చెడ్డమనిషి కాదు. నెమ్మదిగా అడిగారు. "ఒప్పుకోమని నిన్ను ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదండీ."

"బెదిరించడం గానీ, ఆశ పెట్టడం గానీ?"

"లేదండీ."

"ఒప్పుకుంటే ఈ నేరం నీ పేరు మీద ఎప్పటికీ ఉండిపోతుంది. అర్థమైందా?"

"అర్థమైందండీ."

"అయితే ఏం చేశావో నీ సొంత మాటల్లో చెప్పు."

సొంత మాటల్లో! నాకు తెర మీదికి చెప్పు విసరాలనిపించింది. లూదింగ్ గొంతు సవరించుకుంది. ఎక్కడా తడబడలేదు.

"ఆ ప్యాంటు జేబులో ఉన్నవి నావేనండీ. నేనే పెట్టుకున్నాను."

జడ్జి గారు తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నారు. అటూ ఇటుగా పది నిమిషాలు పట్టింది. ఆరేళ్ళు కదలని కేసు పది నిమిషాల్లో అయిపోయింది.

బయటికొచ్చాక నడవాలో ఆమె గోడకి ఆనుకుంది. "చూశావా ఆతే? ఉన్నదున్నట్టు చెప్పినన్నాళ్ళూ ఒక్కరూ నమ్మలేదు. ఇదొక్కటి ఎంత తొందరగా నమ్మారో!" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. అప్పుడు ఏడ్చింది. ఆరేళ్ళలో ఆమె ఏడవగా చూడ్డం అదే మొదలు. నేను పట్టుకుని నిలబడ్డాను. గార్డు మేడం వేరే వైపు చూసింది.

కాగితాలు రావడానికి పదకొండు రోజులు పట్టింది. వెళ్ళేరోజు చాపని కొత్తగా వచ్చిన గర్భిణికి ఇచ్చింది, గిన్నె బెర్నదీతాకి. నాకు ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. తలుపు దగ్గర నా చెయ్యి తీసుకుని, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి చేసినట్టు నుదుటికి ఆనించుకుంది. వెళ్ళేవాళ్ళు వెనక్కి చూడకూడదు. చూడలేదు.

తర్వాత నాలుగు నెలలు ఏ కబురూ లేదు. ఇసియాంగ్ రావడానికి ఇక పని లేదు. ఆడవాళ్ళు రోజూ అడిగేవాళ్ళు, "దొరికిందంటావా ఆతే?" అని. దొరికే ఉంటుందిలే అనేదాన్ని. అన్నాక నా మాట నాకే వినబడేది.

వానాకాలం మధ్యలో ఉత్తరం వచ్చింది. గార్డు మేడం విప్పి చదివి ఇచ్చింది. గదిలో అందరూ చాపలు పక్కకి జరిపి నా చుట్టూ మూగారు. గట్టిగా చదవమన్నారు. చదివాను.

"ఆతే, పద్దెనిమిది షెడ్లు తిరిగాను. రోవెలిన్ దొరికింది. ఇంటికి రానంది. నన్ను వెళ్ళిపొమ్మంది. నేను వెళ్ళలేదు. ఆ షెడ్డులోనే పనిలో చేరాను. దాని బల్లకి అవతలి వైపు నిలబడతాను. రోజుకి పది గంటలు రొయ్యలు ఒలుస్తాం. చేతులు పాసిపోయాయి, దానివి కూడా. ఇంకా నాతో మాట్లాడలేదు."

బెర్నదీతా, మళ్ళీ చదువు ఆతే, అంది. మొదటినుంచీ మళ్ళీ చదివాను.